అత్త మారు అడిగిన పై

మా ఇంట్లో వంట బాగుందని నోటితో చెప్పే అలవాటు ఎవరికీ లేదు. బాగుంటే మారు అడుగుతారు. లేకపోతే లేచి చెయ్యి కడుక్కుంటారు. నేను చిన్నకోడలిగా ఈ అరకు లోయకి వచ్చిన నాటి నుంచి చాలాకాలం మా అత్త నా వంటకి మారు అడగలేదు. పెద్దకోడలి వంటకి అడుగుతుంది. ఆమె ఉడకబెట్టిన చిలగడదుంపలకి కూడా అడుగుతుంది. ఉడకబెట్టిన దుంపలో వంట ఏముందో ఎవరైనా నాకు చెప్పాలి.

ఇది ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తు. పెళ్లయిన మొదటి ఏడు చెట్టు కింద రాలిన మామిడికాయలు ఏరి పప్పులో వేశాను. మాది విజయనగరం దగ్గర పల్లపు ఊరు. అక్కడ కాయ రాలితే పప్పులోకి వస్తుంది. ఇక్కడ కొండల్లో మామిడికి 'కొత్త' పండగ చేసి, తొలికాయ దేవతకి పెట్టాకే మనుషులు నోట పెడతారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అప్పుడూ ఇదే అన్నాను, ఇప్పుడూ ఇదే అంటాను. అత్త కంచం పక్కకి జరిపి రాగులతో కాచిన చోడంబలి తాగి లేచింది. ఆ తర్వాత ఒకరోజు పక్కింటామెతో "సిన్నకోడలిది పైపై వంట" అంది. నేను గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. అత్త మర్చిపోయి ఉంటుంది. నేను మర్చిపోలేదు.

మా తోడికోడలిది జి.మాడుగుల వైపు. నన్ను 'సెల్లీ' అని పిలుస్తుంది, నేను అక్కా అంటాను. నేను ఒకసారి కాఫీ తోటలో బుట్టతో సహా జారిపడ్డాను. ఇంటికి ఎవరొచ్చినా ఆ పడిన తీరు చేతులతో చూపించి మరీ చెబుతుంది, ఈనాటికీ. కానీ ఆ చేతుల గురించి అబద్ధం రాయలేను. కాఫీ పళ్లు కోసేటప్పుడు ఆమె కొమ్మ వైపు చూడదు, పక్క చెట్టు దగ్గరున్న వాళ్లతో కబుర్లాడుతుంది. అయినా బుట్టలో పచ్చికాయ ఒక్కటీ పడదు. వానాకాలంలో తడిసిన కట్టె నా చేతిలో పొగ తప్ప ఇవ్వదు. ఆమె కూర్చుంటే అదే కట్టె మండుతుంది. ఇన్నాళ్లూ పక్కనే నిలబడి చూశాను, ఎలా చేస్తుందో పట్టుకోలేకపోయాను.

ఇంటి వెనక రెండు గదులు టూరిస్టులకి ఇస్తాం. వాళ్ల కోసం ఒక చిన్న ఓవెన్ కొన్నాం. అది కొన్న ఏడు వానలు మొదలయ్యాక సంతకి మంచి అనాసలు వచ్చాయి. ఫోన్లో వీడియో చూసి అనాసపండుతో 'పై' అనే ఇంగ్లీషు వంటకం చెయ్యాలని పట్టుబట్టాను. ఈసారి అత్త చేత మారు అడిగించాలి, నా లెక్క అంతే. ముందు జాగ్రత్తగా తోడికోడల్ని అడిగాను, అనాసకి కూడా కొత్త పండగ ఉందా అని.

"అనాసకి కొత్తేటే సెల్లీ? ముల్లు గుచ్చుకోకండా కోసుకోడవే పండగ," అని నవ్వింది.

ఆదివారం అందరం కలిసి తింటాం. ఆ ఉదయం మైదాలో చల్లటి వెన్న కలిపి, రొట్టెలా ఒత్తి రేకు పళ్లెంలో పరిచాను. పండు వేస్తే అడుగు నానిపోతుందని దాన్ని ముందే ఓవెన్లో సగం కాల్చి పెట్టుకున్నాను. అనాస ముక్కల్ని బెల్లం, అల్లం వేసి, కొంచెం కార్న్‌ఫ్లోర్ కలిపి గరిటె నిలిచేదాకా ఉడికించాను. చల్లారాక ఆ పళ్లెంలోకి ఎత్తాను. ఇక పైన మూతగా ఇంకో రొట్టె ఒత్తి పరచాలి. దానికి కావలసిన మైదా, వెన్న పక్కన పెట్టుకున్నాను. అప్పుడే గదుల్లో దిగినవాళ్లు నీళ్లు రావడం లేదని పిలిచారు.

"అక్కా, నా పై కొంచెం సూడు, ఇప్పుడే వచ్చెత్తాను," అని చెప్పి మోటారు దగ్గరికి వెళ్లాను. పిల్లి తిరుగుతోంది, అందుకని చూడమన్నాను.

తిరిగి వచ్చేసరికి తోడికోడలు పీట మీద కూర్చుని ఉంది. నా మైదా, నా వెన్న, వేయించిన చోడిపిండి, బెల్లం తురుము, ఇంత నెయ్యి, అన్నీ ఒక పళ్లెంలో పోసి వేళ్ల కొసలతో నలుపుతోంది. నలిపిన పొడి పండు మీద చల్లుతోంది. అప్పటికే సగం కప్పేసింది.

"ఏటి సేసినావక్కా?"

"నువ్వే కదేటి పై సూడమన్నావు. పైనే సూత్తన్నాను. ఒట్టినే ఒగ్గేసినావు, బాగోనేదు."

"పై అంటే పైన కాదక్కా. దాని పేరే పై. మొత్తం అంతా పయ్యే."

ఆమె పొడి చేతులతోనే పళ్లెం కాస్త ఎత్తి అడుగు చూసింది.

"కిందది కూడా పయ్యేనా?"

"కిందదీ పయ్యే."

"మీ ఇజీనగరంలో కిందని కూడా పై అంతారేటే?"

నాకు ఒళ్లు మండింది. తీసెయ్యడానికి లేదు, పొడి అప్పుడే పాకంలో దిగింది. మళ్లీ మూత ఒత్తుదామంటే మైదా అయిపోయింది. మిగిలిందేదో చల్లెయ్యమన్నాను. ఇంతలో గాలివాన, కరెంటు పోయింది. మా కొండల మీద కరెంటు పోతే ఎప్పుడొస్తుందో అడిగి లాభం లేదు. ఓవెన్ ముందు నిలబడి ఉండిపోయాను.

"దాకలో ఎట్టీదాం. అంత మొకం ఎందుకే," అంది తోడికోడలు.

పెద్ద దాకలో ఇసుక పోసి కాచింది. అందులో కుదురు పెట్టి, దాని మీద నా పళ్లెం ఉంచి మూత వేసింది. మూత మీద నిప్పులు పోసింది. తర్వాత ఆమె చేసిందంతా పట్టకారుతో నిప్పుల్ని అటూ ఇటూ జరపడమే. ఒక పక్క తీసి మరో పక్కకి, కొన్ని పొయ్యిలోకి, కొన్ని మళ్లీ మూత మీదికి. మూత ఎత్తి చూడలేదు. వాసన పట్టి జరిపింది. ఓవెన్‌కైతే మీట ఉంది, అంకెలున్నాయి. ఇక్కడ ఆమె ముక్కు ఉంది.

మూత తీశాక వంగి చూశాను. వీడియోలో ఉన్న నున్నటి మూత కాదు అది. కొన్ని ఆవగింజలంత, కొన్ని శనగలంత పలుకులు, ఒకదానికొకటి అంటీ అంటకుండా, ఎర్రగా కాలి ఉన్నాయి. మధ్య సందుల్లో అనాస పాకం పైకి పొంగి మెరుస్తోంది. చోడిపిండి కాలిన కమ్మటి వాసన, దాని వెనక అల్లం. అంత చక్కటిది నేను నా చేత్తో చేసి ఉండేదాన్ని కాదు. ఇది ఆమె ముందు అనలేదు.

వేడిగానే కోసేస్తానని ఆమె కత్తి తెచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆరితేగాని ముక్క నిలవదని పళ్లెం గూట్లో పెట్టి దాని ముందే కూర్చున్నాను. ఆరాక కోస్తే ముక్క చెక్కినట్టు నిలబడింది. అడుగు తడవలేదు. ఆమె ముక్కని వేలితో కింద తట్టింది.

"అడుగు గట్టిగున్నాదే సెల్లీ. నానైతే నానబెట్టీసుందును."

ఆమె నోట నా పనికి అలాంటి మాట వినడం అదే మొదటిసారి. తిట్లనే కాదు, ఇలాంటివి కూడా నేను మర్చిపోను.

భోజనాల ముందే ఆమె అత్తకి అంతా చెప్పేసింది, పై అంటే పైన అనుకున్న కథ. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వడం వంటింట్లోకి వినబడింది. సరే, నవ్వనీ అనుకున్నాను. మారు అడిగితే చాలు.

అత్త కంచంలో ముక్క పెట్టాను. ముందు పైన పొడి వేళ్లతో తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. తర్వాత పండు. తర్వాత అడుగు, కొంచెం కొంచెం విరిచి. నేను, తోడికోడలు చెరో పక్క నిలబడ్డాం. అత్త వేళ్లు దులుపుకుంది. లేచిపోతుందనుకున్నాను.

"ఓలె, పై మరికొంత ఎట్టు," అంది.

ఇద్దరం ఒకేసారి పళ్లెం మీదికి వంగాం.

"ఏ పై అత్తా?" అన్నాను.

అత్త నన్నూ ఆమెనీ మార్చి మార్చి చూసింది. అత్తకి రెండర్థాలూ అప్పటికే తెలుసు. "పై అంటే పై. బేగి ఎట్టండే, తగువు తరవాత ఆడుకుందురు."

నేను అడుగుతో సహా నిండు ముక్క తీసి పెట్టాను. తోడికోడలు పళ్లెంలో రాలిన పొడంతా ఊడ్చి దాని మీద వేసింది. అత్త కంచంలో ఏమీ మిగల్చలేదు.

పొడినే అడిగిందని తోడికోడలి వాదన. పొడి కావాలంటే పొడి అనే అనేది కదా, ఆ మాట అత్తకి రాదా ఏంటి అని నా వాదన. అత్తని అడిగితే చెప్పదు. మొన్న తోడికోడలు పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ పొడి నేనే కలిపి చేశాను. నెయ్యి అంతే, పిండి అంతే, నా చేతిలో ముద్ద కట్టింది. అత్త తిని చెయ్యి కడుక్కుంది. ఆ రోజు అత్తకి పన్ను నొప్పి కూడా ఉంది, అది వేరే సంగతి.

ఆమె తిరిగొచ్చిన ఆదివారం అడుగు కాల్చి, పండు పోసి, చోడిపిండి పళ్లెం పీట దగ్గర పెట్టి కేకేశాను.

"అక్కా, వచ్చి పై సూడు."

"ఏ పై?" అంది గుమ్మంలోంచి, నవ్వు ఆపుకుంటూ.

"నీ పై," అన్నాను.