కాయిల్ తల మీద పసుపు

1977 జూన్‌లో నన్ను నీళ్ల శాఖ మోటారు వర్క్‌షాప్‌కు బదిలీ చేశారు. అఫ్జల్‌గంజ్ వెనక, మూసీ ఒడ్డున ఒక రేకుల షెడ్డు. నా హోదా ఆటో ఎలక్ట్రీషియన్, మొదటి గ్రేడు. లారీలు, జీపుల వైర్లు, బ్యాటరీలు, డైనమోలు నా పూచీ. నా పైన ఫోర్‌మన్ సామ్యూల్ గారు, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. మా రిజిస్టరులో మోటారు సైకిల్ అనేదే లేదు. అయినా ఆ ఏడాది పనుల్లో నాకు ఇప్పటికీ గుర్తున్నది ఒక మోటారు సైకిల్ పనే.

ఆ బండి యాదగిరిది. అతను మా శాఖలో వాల్వ్‌మన్. పాతబస్తీలో ఏ పూట ఏ గల్లీకి నీళ్లు వదలాలో, ఆ పూటకు అక్కడికి పోయి పొడుగాటి ఇనుప చావీతో, అంటే తాళంచెవి లాంటి కడ్డీతో, వాల్వ్ తిప్పేవాడు వాల్వ్‌మన్. పావుగంట ఆలస్యమైతే బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు అతని ఏడు తరాలనూ తలుచుకుంటారు. రెండేళ్ల ముందు ఒక పైపు దించుతుండగా జారి యాదగిరి ఎడమకాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు. శాఖ అతన్ని రోడ్డు మీద వదిలేయలేదు, గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతామంది. యాదగిరికి అది నచ్చలేదు.

"కూసుంటే తుప్పు పడతనన్నా" అన్నాడు నాతో. "ఇర్వై ఏండ్లు గల్లీలు తిరిగిన. ఏ వాల్వ్ ఎన్ని చుట్లు తిర్గుతదో నా చేతికెరుక. గేటు కాడ నాకేం పని?"

అందుకని వేలంలో ఒక పాత విలాయతీ మోటారు సైకిల్ కొన్నాడు. రెండు సిలిండర్లది. ఆ రకం బండ్లకు గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. అది అతనికి కలిసొచ్చింది, బ్రేకు ఒక్కటి చేతికి తెస్తే చాలు. ఖాజా భాయ్ అనే మిస్త్రీ బ్రేకును హ్యాండిల్‌కు మార్చి, బండి పక్కన మూడో చక్రంతో ఒక తొట్టి బిగించాడు. బండి ఒరగకుండా నిలబడేది దాని వల్లనే. వాల్వ్ చావీలు, చంకకర్ర అందులో పెట్టుకోవచ్చు.

ఆ బండి మీద మళ్లీ గల్లీ డ్యూటీకి పంపమని యాదగిరి పెట్టిన అర్జీ మీద ఇంజనీరు గారు ఒక షరతు రాశారు. దసరా సెలవులయ్యాక ఒక పొద్దున పరీక్ష. షెడ్డు నుంచి నయాపుల్ దాటి, చార్మినార్ మీదుగా ఫలక్‌నుమా గడ్డ ఎక్కి తిరిగి రావాలి. దారిలో ఎవరూ చేయి వేయరాదు, మాట సాయం కూడా చేయరాదు. బండి ఆగిపోయి అతను మళ్లీ కదిలించలేకపోతే కుర్చీ ఖాయం. నాకైతే అది న్యాయంగానే తోచింది. గల్లీ మధ్యలో బండి ఆగితే శాఖ వెంట మనిషిని పంపదు కదా.

చిక్కల్లా ఆ బండి ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయేది. అరగంట వదిలేస్తే మళ్లీ లేచేది. ఒకడు కార్బురేటర్ అన్నాడు, ఒకడు పెట్రోలు కల్తీ అన్నాడు, ఇంకొకడు దిష్టి అని హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. రోగం వచ్చిన బండికి ఊరంతా వైద్యులే. నేను బండి ఆగిపోయేదాకా నడిపించి, నా దస్తీ తడిపి ట్యాంకు కింద ఉన్న రెండు కాయిళ్లకు చుట్టాను. ఐదు నిమిషాల్లో ఇంజన్ లేచింది. రోగం దొరికింది.

కాయిల్ అంటే బ్యాటరీ ఇచ్చే పన్నెండు వోల్టులను వేల వోల్టులుగా పెంచి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించే డబ్బా. ఈ బండికి సిలిండర్‌కు ఒకటి చొప్పున రెండు. బండితో వచ్చినవి కాలిపోయి, ఖాజా భాయ్ బజారులో దొరికిన కారు కాయిళ్లు వేశాడు. అవి లావుగా ఉండి పాత చోట పట్టలేదు. అందుకని ఇంజన్ తలకు బెత్తెడు ఎత్తున, ట్యాంకు కింద ఇరికించాడు. కింద ఇంజన్ వేడి, పైన గాలి తగలకుండా ట్యాంకు. కాయిల్ ఉడికితే రవ్వ బలహీనపడుతుంది. ఖాజా భాయ్‌కి చెబితే తప్పు తనదేనని చెవులు పట్టుకున్నాడు. "గలతీ హమారీచ్ హై భాయ్, జగా లేక పెట్టిన" అన్నాడు.

కాయిళ్లను అక్కడి నుంచి మార్చడమే మందు. ప్రైవేటు బండి షెడ్డులోకి రావడం రూల్సుకు విరుద్ధం. సామ్యూల్ గారిని అడిగితే, డ్యూటీ దిగాక, గేటు అవతల, శాఖ బోల్టు ఒక్కటి కూడా వాడకుండా చేసుకోమన్నారు. వారం రోజులు సాయంత్రాలు అట్లాగే చేశాం.

సీటు కింద చోటుంది, కానీ గాలి రాదు. పైగా కాయిల్ నుంచి ప్లగ్గుకు పోయే లావు వైరు ఎంత పొడుగైతే దారిలో అంత లీకు భయం. చివరికి హ్యాండిల్ కింద, ముందు గొట్టానికి రెండు పక్కలా పెట్టాలని తేల్చాను. బండి నడిస్తే ఎదురుగాలి నేరుగా తగులుతుంది. ఇనుప పట్టీ వంచి, అదురుకు కాయిల్ లోపలి తీగ తెగకుండా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్కలు వేశాను. వైరు పోయే తల పైకే ఉండేలా నిలబెట్టాను, ఎందుకంటే లోపల నూనె ఉంటుంది, తల కిందైతే కారిపోతుంది. పైన వానకు నూనె డబ్బా రేకు కత్తిరించి చూరులా కప్పాను.

యాదగిరి ఊరికే కూర్చోలేదు. వైరు పట్టుకునేవాడు, ప్రతి పనికీ ఎందుకని అడిగేవాడు. ఒక రోజు పగిలిన వైరు ఒకటి తెచ్చి, కరెంటు తప్పుదారి పడితే ఎట్లా చిటపటమంటుందో వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

పని అయ్యాక ఎండలో గంటన్నర తిప్పాం. గడ్డ రెండుసార్లు ఎక్కింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. నాకు గర్వం వచ్చింది. దాచుకునేదేముంది, మస్తుగా వచ్చింది.

దసరా నాడు షెడ్డులో ఆయుధ పూజ. ఆ ఒక్క రోజు ఎవరి బండైనా లోపలికి రావచ్చు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరు బాగుచేసిన భాగానికి వాళ్లే తమ చేత్తో పసుపు రాసి కుంకుమ పెట్టాలి. సామ్యూల్ గారు చర్చికి పోయే మనిషి, ఆయన కూడా నిలబడి మా అందరి బొట్లూ చూసి కొబ్బరిముక్క తీసుకునేవారు. నేను పసుపు తడిపి రెండు కాయిళ్ల తలల మీద, వైరు దిగే చోట, దిట్టంగా మెత్తాను. మీద కుంకుమ. అందరూ బాగుందన్నారు. ఆ పసుపు ఎండి గట్టిపడింది, బండి దానితోనే రెండు రోజులు నడిచింది.

పరీక్ష నాడు పొద్దున్నుంచే సన్నగా తుంపర. ముందు యాదగిరి, వెనక జీపులో ఇంజనీరు గారు, సామ్యూల్ గారు, నేను. చార్మినార్ దగ్గర బండ్ల మధ్య నుంచి చక్కగా దూరిపోయాడు. శాలిబండ ఎక్కుతుండగా శబ్దం మారింది. రెండు సిలిండర్ల మోతలో ఒకటి తప్పుతోంది. కాస్త దూరం కుంటి, ఒక దుకాణం అరుగు పక్కన బండి ఆగిపోయింది.

మేం దిగి పది అడుగుల దూరంలో నిలబడ్డాం. యాదగిరి సీటు మీద నుంచే కుడికాలితో కిక్కు కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు నాకు వినపడింది, చిటచిటమని. చూరు పైవానను ఆపింది గాని, ముందు చక్రం రోడ్డు నీళ్లను కింది నుంచి చిమ్ముతోంది. ఎండిన పసుపు తడిసింది. తడి పసుపు, కుంకుమ కలిసి కరెంటుకు దారి వేశాయి. ప్లగ్గుకు పోవలసిన రవ్వ ఇనుప పట్టీలోకి పోతోంది. నేను ఎండలో పరీక్షించి వానలోకి పంపాను. పెట్టిన చేయి నాది, కుర్చీ అతనికి. నోరు తెరవబోతే ఇంజనీరు గారు నా వైపు చూశారు. మాట సాయం కూడా లేదన్నది షరతు. పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను.

యాదగిరి మూడోసారి కిక్కు కొట్టలేదు. చంకకర్ర తీసుకుని దిగాడు. ముందుకు వంగి, చూరు కింద చెవి పెట్టి, కిక్కర్‌ను కాలితో తొక్కే బదులు చేత్తో నెమ్మదిగా నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత లేచి నా వైపు తిరిగాడు.

"అన్నా, నువ్వు పెట్టిన పసుపు తుడుస్తున్న. ఏమనుకోకు" అన్నాడు.

నేను తల ఊపాను. అంతకంటే ఏమీ చేయడానికి లేదు. అతను వేలితో ఆ పసుపు కొంచెం తీసి నొసటన పెట్టుకున్నాడు. మిగిలింది హెడ్‌లైటు మీద బొట్టుగా పెట్టాడు. "తల్లీ, నువ్వు గీడ ఉండు, గాడ వద్దు" అని దండం పెట్టుకున్నాడు. తలరుమాలు విప్పి రెండు కాయిళ్లనూ, వైర్లనూ మెరిసేదాకా పొడిగా తుడిచాడు. సీటెక్కి ఒక్క కిక్కు కొట్టాడు. రెండు సిలిండర్లూ పలికాయి.

ఫలక్‌నుమా గడ్డ ఎక్కాడు, దిగాడు, మళ్లీ ఆగకుండా షెడ్డుకు వచ్చాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇంజనీరు గారు కాయిల్ మీద పసుపు పెట్టింది ఎవరని అడిగారు. నేనే సార్ అన్నాను. అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగితే, మాట సాయం వద్దన్నారు కదా అన్నాను. ఆయన ఫైలు మీద ఇట్లా రాశారు: "వాహనము దారిలో ఒకసారి ఆగినది. వాల్వ్‌మన్ దోషమును తానే కనిపెట్టి సరిచేసెను. గల్లీ డ్యూటీకి యోగ్యుడు." ఆగకుండా తిరిగివచ్చి ఉంటే ఆ రెండో వాక్యం ఫైల్లోకి వచ్చేది కాదు. అయినా నా తప్పు అతనికి మేలు చేసిందని నేను ఎన్నడూ చెప్పుకోలేదు. మేలు చేసింది అతని చెవి.

మరుసటి ఏడు నుంచి మా షెడ్డులో బొట్టు పట్టీకే పెట్టేవాళ్లం, కాయిల్ తలకు కాదు. నేను ఇంకొకటి మొదలుపెట్టాను. నా చేతి నుంచి బయటికి పోయే ఏ బండికైనా, తాళం ఇచ్చే ముందు కాయిళ్ల మీద ఒక చెంబు నీళ్లు పోసి, అప్పుడు స్టార్టయితేనే వదిలేవాణ్ణి. రిటైరయ్యే రోజు దాకా అదే పద్ధతి. మొదట్లో నీళ్లు ఎందుకు పారబోస్తావని షెడ్డులో వాళ్లు గొణిగారు. గేటు దగ్గర బండి ఆపుకుని చావీలు సర్దుకుంటున్న యాదగిరి నా తరఫున జవాబు చెప్పాడు.

"పొయ్యనియ్యుండ్రి. నీళ్ల ఫికర్ మీకెందుకు? వాల్వ్ నా చేతిలనే ఉన్నది."