ఒకటీ రెండూ లేని టేపు

ఆ వీధిలో ఆమెను అందరూ మిషనమ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్లుగా అదే కొట్టుగదిలో, కిటికీ పక్కన అదే కుట్టుమిషన్ మీద, నర్సుల కోట్లూ బడిపిల్లల యూనిఫారాలూ కుడుతోంది. కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. ఆరేళ్ల మనవరాలు బడి వదలగానే కొట్టుకు వచ్చి, వాళ్లమ్మ వచ్చేదాకా అమ్మమ్మ దగ్గరే ఉంటుంది.

ఆ ఏడు పిల్ల లెక్కల్లో వెనకబడిందని బడినుంచి చీటీ వచ్చింది. కూతురు వెంటనే ట్యూషన్ మాట్లాడేసింది. మిషనమ్మ ఒక్క నెల ఆగమంది. ఆలోగా మార్పు కనబడకపోతే ఒకటో తారీఖునుంచి సాయంత్రాలన్నీ ట్యూషన్‌లోనేనని కూతురు ఖాయంగా చెప్పింది.

ఐదో తరగతితో చదువాపేసిన మిషనమ్మ పాఠాలేమీ చెప్పలేదు. పిల్ల ఏదడిగినా, "నాకేం తెలుసే, కొలిచి చూడు" అనేది. గుమ్మం పొడవెంత, బల్ల పొడవెంత, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ కిటికీ నీడ ఎంత జరిగింది, పడుకున్న పిల్లి తోకెంత. పిల్లి దగ్గర మాత్రం కొలతకు బదులు గీరుళ్లు దక్కాయి. బడిలో అంకెలంటే మొహం తిప్పుకునే పిల్ల ఇక్కడ సుద్దముక్కతో గోడంతా అంకెలు రాసేసింది.

మూడో వారంలో ఒక నర్సు తెల్లకోటు కుట్టించుకోవడానికి వస్తే, చేతి కొలత పిల్లనే తియ్యమంది మిషనమ్మ. పిల్ల స్టూలెక్కి, టేపు కొస భుజం మీద ఆనించి, మణికట్టు దగ్గర అంకె చూసి ఇరవై నాలుగంది. మిషనమ్మ వంగి చూసింది. ఇరవై నాలుగే. రాసుకుంది. ఎప్పటిలాగే చెక్కస్కేలుతో బట్టమీద గీతలు గీసి కత్తిరించింది.

నెలాఖరున నర్సు వచ్చి కోటు తొడుక్కుంటే వేళ్లు కనబడలేదు. సరిగ్గా అప్పుడే కూతురు లోపలికొచ్చింది.

"ఈ చేతులతో సూది పొడిస్తే ఎవరికి గుచ్చానో నాకే తెలీదు పిన్నీ," అంది నర్సు నవ్వుతూ.

కూతురు నవ్వలేదు. "ఊళ్లోవాళ్ల బట్టలతోనా అమ్మా నీ ప్రయోగాలు? రేపట్నుంచి ఇది ట్యూషన్‌కి వెళ్తోంది, అంతే."

పిల్ల బల్లకింద దూరింది.

"అది సరిగ్గానే చదివింది, నేనూ చూశాను," అంది మిషనమ్మ. తర్వాత బల్లకిందికి వంగింది. "మరి ఎక్కడ తప్పామే?"

అది ఓదార్చడానికి అడిగింది కాదు. ఆమెకు నిజంగానే తెలియదు.

కాసేపటికి పిల్ల బయటికొచ్చి కోటు చెయ్యి టేపుతో కొలిచింది. ఇరవై నాలుగు చెబితే ఇరవై ఆరు కుట్టావని అమ్మమ్మనే తప్పు పట్టింది. మిషనమ్మ చెక్కస్కేలు పెట్టి చూసింది. ఇరవై నాలుగు. పిల్ల స్కేలునూ టేపునూ బల్లమీద పక్కపక్కన పరిచింది. స్కేలు పన్నెండు దగ్గర టేపు పద్నాలుగు చూపిస్తోంది. వేలితో టేపు వెంటే మొదటికంటా వెళ్లింది.

"అమ్మమ్మా, దీనికి ఒకటీ రెండూ లేవు."

మిషనమ్మ టేపు చేతిలోకి తీసుకుంది. పాతికేళ్లుగా ఆమె కన్ను ఇరవై నాలుగు చూస్తే నోరు ఇరవై రెండంటుంది. రెండు తీసేస్తున్న సంగతి ఆమె ఎప్పుడో మరిచిపోయింది. ఈసారి అంకె పలికింది పిల్ల నోరు.

"ఎవరు కోసేశారు?"

"మీ అమ్మ. నీ అంతప్పుడు. ఆ రోజు వీపు మీద నాలుగు వేశాను."

కూతురు అప్పటికే కోటు ముందేసుకుని చేతి అంచు కుట్లు విప్పుతోంది. తల ఎత్తలేదు.

"బొమ్మకి గౌను కుడదామనుకున్నాను. చిన్న బొమ్మకి చిన్న టేపు చాలుగా," అంది. ఇంకో రెండు కుట్లు విప్పాక, "ఎందుకు కోశావని నువ్వు అడగలేదు," అంది.

"అడగలేదు," అంది మిషనమ్మ.

నర్సు స్టూలు మీద కూర్చుని గోడమీది అంకెలు చదువుకుంటోంది. కూతురు కోటు చెయ్యి పిల్లవైపు జరిపి, ఎక్కడికి మడవాలో గుర్తు పెట్టమంది. పిల్ల చెక్కస్కేలు ఆనించి, రెండు అంగుళాలు చూసుకుని, సుద్దతో గీత గీసింది. రెండో చేతికి అడగకుండానే గీసింది.

మర్నాడు కూతురు ట్యూషన్ మాస్టారికి ఫోన్ చేసి పిల్ల రాదని చెప్పింది. కారణం అడిగితే, సాయంత్రాలు దానికి కొట్లో పనుందండీ అంది.