పన్నెండో లెవెల్ గురువుగారు

ఆన్‌లైన్ ఆటలో ఆయన తనకి తానే పెట్టుకున్న పేరు గురువుగారు. బనీను మీంచి పొట్ట నిమురుకుంటూ, కొత్తగా చేరినవాళ్ళకి ఒంటివేలితో సలహాలు కొడుతుంటాడు: "ముందు యోధుడి లెవెల్ ముప్పై దాటించండి. అందాకా కవచాల తయారీ జోలికి పోకండి, సరుకు దండగ." ఆయన యోధుడు మాత్రం మూడేళ్ళుగా పన్నెండో లెవెల్లోనే మూలుగుతున్నాడు. ఓ ఆదివారం పొద్దున్న ఐదుగురు శిష్యులు రాక్షసుడి గుహ ముందు నిలబడి, "గురువుగారూ, మీరు ముందు నడవండి" అన్నారు. "అయ్యో, నెట్ పోయింది" అని రాసి కంప్యూటర్ ఆపేశాడు. నెట్ పోయినవాడు ఎలా రాశాడో ఎవరూ అడగలేదు. పక్కగదిలో వీడియో కాల్లో ఉన్న భార్య మాత్రం, "నెట్ బానే ఉందిగా అండీ?" అంది. "నీకేం తెలుసు, ఊరుకో!" అని కసిరాడు. సాయంత్రానికి శిష్యులు తాము చేసుకున్న కవచాలతోనే గెలిచొచ్చారు. గురువుగారు ఇసుమంతైనా సిగ్గుపడకుండా రాశాడు: "చూశారా, నా మాట విన్నందుకే!"