చిటికెన వేలికి చుట్టిన రేకు

గద్వాలలోని ఒక విత్తన పరీక్షాశాలలో ఆరేళ్లు పనిచేశాను. సంచి మీద అచ్చువేసిన మొలక శాతం నిజమో కాదో తేల్చడం నా ఉద్యోగం. తడి కాగితంలో చుట్టిన నూరు గింజలు విప్పి, మొలిచినవెన్నో కంటితో చూసేదాకా సంచి మీది అక్షరాలను నమ్మకూడదని అక్కడే నేర్చుకున్నాను. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. మరకలు మాయం చేసే సబ్బునూ, జుట్టు పెంచే నూనెనూ సందేహించకుండా ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు. నాతో సరుకులకు రావడం అమ్మ ఎప్పుడో మానుకుంది.

ఆరో ఏడాది చివర నా కాంట్రాక్టు పొడిగించలేదు. అప్పుడు ఎంచుకున్న పని విన్నవాళ్లు రెండోసారి అడిగి నిర్ధారించుకునేవారు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్ల గోళ్లు తీర్చిదిద్దడం. దానికి కారణం ఉంది. మా వైపు పెళ్లికూతుళ్లు గోళ్ల కోసం కర్నూలుకో హైదరాబాదుకో వెళ్లాల్సి వచ్చేది. పెళ్లి కుదిరిన పిల్లను అంత దూరం పంపడానికి సగం ఇళ్లు ఒప్పుకునేవి కావు. వాళ్లు రాలేకపోతే నేనే వెళ్లవచ్చు కదా అనుకున్నాను. పైగా, గోళ్లకు పూశాక వెలుతురు తగలగానే గట్టిపడే జెల్ రంగు నాలోని రసాయనశాస్త్ర విద్యార్థిని ఊరించింది.

అమ్మ ముప్పై ఏళ్లు పత్తి చేలల్లో క్రాసింగు పనికి పోయింది. విత్తన పత్తిలో పువ్వు విచ్చకముందే మొగ్గ చుట్టూ బొటనవేలి గోరుతో గీసి, లోపలి కేసరాలను తీసివేయాలి. ఆ పని చేసే ఆడవాళ్లు ఆ ఒక్క గోరునూ పెంచుకుంటారు, పదును చూసుకుంటారు. నా నిర్ణయం చెప్పినప్పుడు అమ్మ తన గోరు వైపు చూసుకుంది.

"మేము గోరుతోని కూలి చేసినం. నువ్వు గోర్ల మీద కూలి చేస్తవా?"

"చేస్తనే."

"సదివిందంత గీడికొచ్చింది," అంది. కానీ మరునాడు వాడని నాలుగు గిన్నెల స్టీలు టిఫిను క్యారియర్‌ను చింతపండుతో తోమి నా ముందు పెట్టింది. అదే నా పనిపెట్టె అయింది. పై గిన్నెలో రంగులు, రెండో దాంట్లో ఆకురాళ్లు, మూడో దాంట్లో స్పిరిటూ దూదీ, కింది దాంట్లో రంగు తీసేటప్పుడు వేళ్లకు చుట్టే అల్యూమినియం రేకు. చదువుకునే రోజుల మడతబల్లా, పాత స్కూటీ, జెల్‌ను గట్టిపరిచే చిన్న దీపం, కరెంటు పోతే దానికి ప్రాణం పోసే పవర్ బ్యాంకు, ఇంతే నా దుకాణం. పరికరాల్లోని క్రిములను చంపుతుందంటూ ఒక నీలి వెలుతురు పెట్టెను అంటగట్టబోయారు. దాని మాటకు ఆధారం దొరకలేదు. ప్రెషర్ కుక్కర్ ఆవిరికి దొరికింది. కొత్తది కొనే స్తోమత లేక ఇంట్లోదే తీసుకున్నాను.

"మల్ల గా కుక్కర్ల పప్పు వండితివంటే నేను తినను," అంది అమ్మ. ఆనాటి నుంచి మా పప్పు గిన్నెలోనే ఉడికింది.

జెల్ సీసా మీద రెండు మాటలున్నాయి: మూడు వారాలు ఊడదు, మరక పట్టదు. నా పది వేళ్లనూ పది మడులుగా చేసుకుని పరీక్ష పెట్టాను. ఒక్కో గోటిని ఒక్కో విధంగా సిద్ధం చేసి రంగు వేశాను. గిన్నెలు తోమాను, బట్టలు పిండాను, పచ్చళ్లు కలిపాను. రోజూ పుస్తకంలో రాసుకున్నాను. స్పిరిటుతో రెండుసార్లు తుడిచిన గోళ్లు నిజంగానే మూడు వారాలు నిలిచాయి. మరక ఒక్కదాని మీదా కనబడలేదు. రెండు మాటలకూ ఎదురుగా టిక్కు పెట్టాను. ఆ రెండో టిక్కు తర్వాత నన్ను నవ్వులపాలు చేయబోయింది.

మొదటి నెలల్లో పుట్టినరోజులు, నిశ్చితార్థాలు ఒకటీ అరా వచ్చాయి. పెళ్లి మాత్రం రాలేదు. అంతలో పాత మేనేజరు ఫోన్ చేశారు. ల్యాబులో ఖాళీ ఉందనీ, సోమవారానికల్లా జవాబు చెప్పాలనీ అన్నారు. అదే వారం పెద్దమందడి నుంచి మొట్టమొదటి పెళ్లి పిలుపు వచ్చింది. ముహూర్తం ఆదివారం.

"గీ పెండ్లి మంచిగైతే గిదే చేస్తనమ్మా. కాకపోతే సోమారం ల్యాబుకు పోత," అన్నాను.

"పెండ్లి వాళ్లది, పరీచ్చ నీదన్నట్టు," అంది అమ్మ.

శనివారం మధ్యాహ్నం బీచుపల్లి వంతెన దాటి, వనపర్తి మీదుగా పెద్దమందడి చేరాను. పెళ్లికూతురు డిగ్రీ పూర్తిచేసిన పిల్ల. పాలమీగడ రంగు కోరుకుంది. నేను సన్నని కొత్త గోళ్లు అతికించి, జెల్ పూసి, ఒక్కో చేతినీ దీపం కింద పెడుతుంటే ఆమె నాయనమ్మ గడపలో కూర్చుని చూసింది.

"మైలపోలు తానానికి గోర్లు తీస్తరు గని గోర్లు అతికిస్తర బిడ్డా?"

"గిప్పుడు అతికిస్తున్నరవ్వా."

"మా కాలంల గింత గోరుంటే అత్త పిండి పిసకనియ్యకపోతుండె," అంది అవ్వ. పెళ్లికూతురు నవ్వాపుకోలేక చెయ్యి కదిపింది. ఒక గోరు మళ్లీ వేశాను. పని పూర్తయ్యాక ఆ పది గోళ్లూ చూసి నాకే ముచ్చటేసింది. ఆ రాత్రికి వనపర్తిలో బంధువుల ఇంట్లో ఉండిపోయాను.

ఆదివారం పొద్దున అక్కచెల్లెళ్ల గోళ్ల కోసం తిరిగి వెళ్లేసరికి వాకిట్లో మైలపోలు ముగిసింది. ముత్తైదువలంతా వంతులవారీగా పెళ్లికూతురికి పసుపూ నూనే రుద్ది స్నానం చేయించారు. ఆమె నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది. పాలమీగడ రంగు ఎక్కడా లేదు. కుడిచేతి గోళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. ఎడమచేతివి ఎర్రమట్టి రంగుకు తిరిగాయి.

"గీ చేతికి జర సబ్బు పెట్టి రుద్దిన," అంది పెళ్లికూతురి మేనత్త, తప్పు చేసినదానిలా. "ఎంత రుద్దితే గంత ఎర్రగైనయి. ఏంది మేడం గిది, కల్తీ మాలా?"

అప్పుడు తెలిసింది నా తప్పు. పది వేళ్ల పరీక్ష మొత్తం ముదురు మెరూన్ రంగుతో చేశాను, ఆ సీసా చవకగా దొరికిందని. ముదురు రంగు మీద పసుపు మరక పట్టినా కంటికి ఆనదు. మరక పట్టలేదని కాదు, నాకు కనబడలేదని రాసుకోవాల్సింది. ఆరేళ్లు ఇతరుల సంచులను శంకించిన నేను నా పుస్తకాన్ని శంకించలేదు.

"కల్తీ కాదక్కా. తప్పు నాదే," అన్నాను. "ముహూర్తం ఎన్ని గంటలకు?"

"పదకొండున్నరకు. పదిగంటలకల్ల చీర కట్టియ్యాలె."

ఎనిమిది దాటింది. గోళ్లు ఊడదీసి మళ్లీ వేసేంత వ్యవధి లేదు. అయితే ఆ ఎర్రదనమే నాకు ధైర్యమిచ్చింది. ఇంటర్ ప్రయోగశాలలో పసుపు కాగితాన్ని సబ్బులాంటి క్షారంలో ముంచితే సరిగ్గా ఇలాగే ఎర్రబారేది. అంటే జెల్ పాడవలేదు, దాని మీద ఉన్నది వట్టి పసుపే. క్షారాన్ని విరిచే నిమ్మచెక్క రుద్దితే ఎడమచెయ్యి తిరిగి పచ్చబడింది. మేనత్త నోరు తెరిచి చూసింది. స్పిరిటు దూదితో తుడిస్తే దూది పచ్చబడింది, గోళ్ల రంగు కొంత తగ్గింది. ఆ మిగిలిన పసుపు మాత్రం వదలలేదు.

"ఎండల పెట్టు," అంది అవ్వ గడపలోంచి. "పసుపంటిన బట్ట ఉతికి ఎండకేస్తే తెల్లగైతది. గిది గట్ల కాదా?"

బట్ట మీద జరిగేది జెల్ మీద జరుగుతుందో లేదో నాకు తెలియదు. కానీ పరీక్షించదగ్గ మాట అది. పెళ్లికూతుర్ని వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతులు మడతబల్ల మీద ఎండలో పెట్టించాను. కుడి చిటికెన వేలికి మాత్రం రేకు చుట్టాను.

"గదెందుకు దాస్తవక్కా?" అంది పెళ్లికూతురు, దాదాపు ఏడుపు గొంతుతో.

"పోల్చుకోనీకి. తొమ్మిది తెల్లగైతే అది ఎండ పనేనా, నా కండ్ల భ్రమనా అని తెల్వాలె."

"నా పెండ్లిరా దేవుడా," అంది ఆమె.

"పంతులు కంటె ఎక్కువ పట్టింపులున్నయి గీమెకు," అంది అవ్వ.

చుట్టాలు ఒక్కొక్కరే మూగారు. అరగంటకు తొమ్మిది గోళ్లు లేతబడ్డాయి. మరో పావుగంటకు నిన్నటి పాలమీగడ తిరిగి వచ్చింది. రేకు విప్పాను. చిటికెన గోరు రేకు చుట్టినప్పటిలాగే చామంతి పువ్వంత పచ్చగా ఉంది. రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఆరేళ్ల ఉద్యోగంలో ఏ నివేదికా ఇవ్వలేదు.

"మరి గదెట్ల?" అంది మేనత్త. పెళ్లికూతుర్ని లోపలికి తీసుకుపోవాల్సిన వేళయింది.

నా దీపం గుర్తొచ్చింది. జెల్‌ను గట్టిపరిచే ఆ ఊదారంగు వెలుతురు కూడా వెలుతురే కదా. కరెంటు లేదు. దీపాన్ని పవర్ బ్యాంకుకు తగిలించి, ఆమెకు జడ వేస్తున్నంతసేపూ ఆ ఒక్క వేలినే దాని కింద పెట్టించాను. వేడి తెలియకుండా మధ్యమధ్య ఆపుతూ వచ్చాను. మొదటి రెండు విడతల్లో తేడా కనబడలేదు. పూలు చుట్టేసరికి సగం వెలిసింది. గద్వాల చీర కుచ్చిళ్లు సర్దే వేళకు ఆ గోరు ఏదో గుర్తుపట్టలేక నేనే పుస్తకం చూసుకోవాల్సి వచ్చింది.

జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు ఫొటోగ్రాఫరు ఆమె చేతినే దగ్గరగా తీశాడు. ఆ చేతిని చూస్తూ నేను ముహూర్తం మంత్రాలేవీ వినలేదు.

భోజనాల తర్వాత మడతబల్ల చుట్టూ ఆడవాళ్లు వరుస కట్టారు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన చుట్టాలిద్దరు తమ ఇళ్లలో జరగబోయే పెళ్లిళ్లకు అక్కడికక్కడే మాట తీసుకున్నారు. వాళ్లను రంగు అడగకముందే మైలపోలు ఎప్పుడని అడిగాను. ఈనాటికీ నా మొదటి ప్రశ్న అదే. స్నానం ముగిశాకే గోళ్లు వేస్తాను. లేత రంగుల పరీక్ష వేరే పుస్తకంలో జరుగుతోంది.

వరుసలో అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది అవ్వ. బరకబారిన చెయ్యి బల్ల మీద పెట్టింది. ఆమె బొటనవేలి గోరు కూడా అమ్మదానిలాగే ఒకవైపు పదునుగా అరిగి ఉంది.

"నాకు ఎర్రది ఎయ్యి. పసుపు కనపడొద్దు," అంది.

సోమవారం పొద్దున మేనేజరుకు ఫోన్ చేసి రానని చెప్పాను. అమ్మ పక్కనే నిలబడి వింది. సాయంత్రం బజారు నుంచి వచ్చి సంచిలోంచి ఒక కొత్త కుక్కరు తీసి పొయ్యి మీద పెట్టింది. ఇక పాతది నా పనికే అన్నమాట.