మాదప్ప ఆపని మోటారు

ఊరికే తిరిగేదాన్ని చూస్తే మాదప్ప ఊరుకోలేడు. ఫ్యాను కానీ, మోటారు కానీ, మిక్సీ కానీ, ఎదుట మనిషి లేకుండా తిరుగుతోందంటే చాలు, వెళ్ళి చూపుడువేలితో స్విచ్ నొక్కేస్తాడు. నొక్కేముందు ఒక ప్రశ్న వేస్తాడు, జవాబు కోసం ఆగడు: "ఇది ఎవురికోసరం తిరగతా ఉండాదప్పా?"

మత్తిగిరిలో సొంత బావమరిది కూతురి పెళ్ళి. ఖాళీ కుర్చీలకు గాలి కొడుతున్న పెద్ద ఫ్యానును ఇలాగే ఆపాడు. మైకు కూడా ఆ స్విచ్చుకే ఉందని ఆయనకు తెలియదు. పురోహితుడి నోరు ఆడుతోంది, మంత్రం వినిపించడం లేదు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని దిక్కులు చూశాడు. భార్య పిల్లమ్మ నాలుగు రోజులు మాదప్పతో మాట్లాడలేదు. అదీ ఒక ఆదాయేనని ఆయన ఫ్యాక్టరీలో చెప్పుకున్నాడు. ఆ మాట ఇంటికి చేరి ఇంకో నాలుగు రోజులు ఆదా అయింది.

హోసూరు బస్టాండులో ఎవరూ ఎక్కకుండానే డుగడుగమంటున్న ఆటోలోకి చెయ్యి పెట్టి తాళం తిప్పేస్తే, డ్రైవరు మూడు వీధులు తరిమాడు. రెండో వీధిలో మాదప్ప ఆగి, ఇప్పుడు ఖర్చయింది నీ ఒంట్లో కరెంటు కదా, ఆటోలో పెట్రోలు కాదుగా అని నచ్చజెప్పబోయాడు. అందుకే మూడో వీధి.

బాగలూరు దారిలో ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీలో ఆయన మెయింటెనెన్స్ ఫిట్టరు. మేనేజరు గిరిప్రసాద్ లీవులో ఉన్న రోజు ఆయన గదిలో ఏసీ ఆపినందుకు మాదప్పకు మెమో వచ్చింది. 'విద్యుత్తును పొదుపు చేయండి' అన్న పోస్టరు పక్కనే దాన్ని అంటించారు.

కరెంటు వృథాను కనిపెట్టే ఇంజనీరుగా కాత్యాయని ఆ ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు, మాదప్పే ఆమెకు గురువయ్యాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల బేరింగు అరిగిందో లేదో చెప్పేవాడు. మూడు వారాల్లో ఇద్దరూ కలిసి కారిపోతున్న గాలి పైపులనూ, ఖాళీగా తిరిగే కన్వేయర్లనూ పట్టుకున్నారు. ఆమెను పంపుహౌసు వైపు మాత్రం తీసుకుపోయేవాడు కాదు. ఒకరోజు ఆడ పాములుండాయనేవాడు, ఇంకోరోజు నేల జారతాదనేవాడు.

పంపుహౌసులో చెన్నరాయప్ప ఉండేవాడు. పదకొండేళ్ళ కిందట అదే ఫ్యాక్టరీలో, ప్రెస్సు కింద ఆయన కుడిచెయ్యి పోయింది. వాల్వు తిప్పే పని ఇచ్చారు. ఆ వాల్వు ఉన్నన్నాళ్ళే ఆయన ఉద్యోగం.

మాదప్ప సెలవు పెట్టిన రోజు కాత్యాయని మీటరు పట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఎనిమిది మెషీన్లకు చల్లటి నీళ్ళు అందించడానికి కొన్న పంపు అది. వచ్చిన మెషీన్లు నాలుగే. పంపు పూర్తి జోరుతో నీళ్ళు తోస్తుంటే, చెన్నరాయప్ప వాల్వును సగానికి బిగించి ఆ నీళ్ళనే అడ్డుకుంటున్నాడు. ఒక మెషీను ఆగితే ఇంకాస్త బిగిస్తాడు, మొదలైతే వదులుతాడు. ఇలాంటిదాన్ని మాదప్పే ఒకసారి వర్ణించాడు: "ఒక చేత్తో ఎద్దును అదిలిస్తా, ఇంకో చేత్తో ముక్కుతాడు బిగబట్టినట్లమ్మా." అవసరాన్ని బట్టి మోటారు వేగం తగ్గించే డ్రైవు అనే పరికరం ఒకటి పెడితే సగం కరెంటు మిగులుతుంది. వాల్వును ముట్టుకునే పనే ఉండదు. ఫ్యాక్టరీ మొత్తంలో ఇంత పెద్ద వృథా మరొకటి లేదు. ఆమె ఆ సాయంత్రమే సంబరంగా రిపోర్టు పంపేసింది.

మీటింగులో గిరిప్రసాద్ మాదప్పను నిలబెట్టాడు.

"ఏమప్పా, నా ఏసీ కనిపించింది, ముప్పై హార్స్‌పవర్ మోటారు కనిపించలేదా?"

అందరూ నవ్వారు. మాదప్ప చేతులు కట్టుకున్నాడు. "కంటికి ఆనలేదు సార్."

పదకొండేళ్ళు కంటికి ఆనకపోవడం కాత్యాయనికి నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ పంపుహౌసుకు వెళ్ళింది. ఈసారి మీటరును కాక వాల్వు చక్రాన్ని చూసింది. దాని అంచున ఒక ఇనుప పిడి వెల్డింగు చేసి ఉంది, ఒంటిచేత్తో పట్టుకుని తిప్పడానికి వీలుగా.

"మాదప్ప పెట్టినాడమ్మా," అన్నాడు చెన్నరాయప్ప. "దినామూ వస్తాడు. పంపుకు చెవి పెట్టి ఇంటాడు. తిట్టతాడు. నన్ను గాదు, పంపును. తిట్టేసి, ఆపకుండా పోతాడు."

ఆమె మాదప్పను వెతికి పట్టుకుని, నాతో ఒక్క మాట ఎందుకు అనలేదని అడిగింది. ఆయన స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ, చెబితే, దీన్ని దాచమని నీ చేత అబద్ధం రాయించినట్టు అవుతుందన్నాడు.

"అన్నిటినీ అడిగారు కదన్నా, ఎవరికోసం తిరుగుతున్నావని. దీన్ని ఎందుకు అడగలేదు?"

"అడిగే పని లేదమ్మా. ఎవురికోసరం తిరగతా ఉండాదో తెలుసు గదా."

రిపోర్టు వెనక్కి తీసుకుంటానని ఆమె వెళ్ళేసరికి గిరిప్రసాద్ దాన్ని పొదుపు అవార్డుకు పంపేసి ఉన్నాడు. డ్రైవు వచ్చింది. వాల్వు పూర్తిగా తెరుచుకుంది. మనిషి చెయ్యి తీసుకున్న కంపెనీ, ఇప్పుడు ఆ మనిషినే మిగులు కింద రాసుకుంది.

మాదప్పకు రిటైర్మెంటు తర్వాత రెండేళ్ళ పొడిగింపు ఖాయమై ఉంది. అది తనకు వద్దని, ఫ్యాక్టరీ అంతా తిరిగి చూసే తన పని చెన్నరాయప్పకు ఇవ్వమని అడిగాడు. ఒంటిచేతివాడు ఏం చేస్తాడన్నాడు గిరిప్రసాద్.

"స్విచ్ ఆపేదానికి ఎన్ని వేళ్ళు గావాల సార్?"

గిరిప్రసాద్ ఒప్పుకున్నాడు. జాలిపడి కాదు; చెన్నరాయప్ప జీతం తక్కువ.

అవార్డు వచ్చింది. దాన్ని రిసెప్షన్లో అద్దాల పెట్టెలో పెట్టారు. పైన పగలంతా వెలిగే నాలుగు దీపాలు, నలువైపుల నుంచీ కనిపించేలా అది గుండ్రంగా తిరగడానికి కింద ఒక చిన్న మోటారు.

మాదప్ప వెళ్ళిపోయాక వచ్చిన సోమవారం, చెన్నరాయప్ప తన మొదటి రౌండులో దాని ముందు ఆగాడు. ఆ హాలులో కాత్యాయని తప్ప ఎవరూ లేరు.

"ఇది ఎవురికోసరం తిరగతా ఉండాదమ్మా?"

ఆమె నోరు తెరిచేలోగా ఆయన ఎడమ చూపుడువేలు స్విచ్ మీద పడింది.

బుధవారానికి చెన్నరాయప్పకు మెమో వచ్చింది. పొదుపు పోస్టరు పక్కన మాదప్ప మెమో ఇంకా ఉంది, చోటు లేదు. కాత్యాయని దాన్ని తీసుకుని పోస్టరు మీదే అంటించింది.