ఇంకా గుయ్యి ఉండాది

మా కోట ఊరి బజారులో రేడియో దరియావలికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరికీ వినపడని గుయ్యి ఆయనకు వినపడుతుంది.

వాల్వు రేడియోలు బాగుచేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు. అందుకని నెల్లూరు నుంచి కూడా పాత రేడియోలు ఆయన కొట్టుకే వస్తాయి. వస్తాయి గానీ పోవు. ఎంత చచ్చిన రేడియో అయినా ఆయన చేతిలో లేచి కూర్చుంటుంది. అద్దం వెనక దీపం వెలుగుతుంది, వాల్వులు ఎర్రబడతాయి, అర నిమిషానికి పాట మెల్లగా పైకి తేలుతుంది. సొంతదారు సంబరంగా సంచి విప్పేలోగా దరియావలి చెయ్యి పైకెత్తి, తల వాల్చి, కుడి చెవి డబ్బాకు ఆనిస్తాడు.

"ఇంకా గుయ్యి ఉండాది. వచ్చే వారం రా."

రిటైరైన పోస్టుమాస్టరు కామాక్షయ్య గారు ఒకసారి ఎదురు తిరిగాడు.

"పాట బాగానే వస్తుండాది గదయ్యా!"

"పైన పాట వస్తుండాది సారూ. అడుగున గుయ్యి ఉండాది."

"నేను పైనుండేదే వింటాలేవయ్యా!"

"మీరు విన్నా నేను ఇయ్యను."

ఇప్పుడు కామాక్షయ్య గారు రోజూ పొద్దున్నే కొట్టుకు వచ్చి, తన రేడియోలో వార్తలు విని, దాన్ని అక్కడే వదిలి ఇంటికి పోతాడు.

నాది పక్కనే జిరాక్సు కొట్టు. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక రేకు గోడ. ఆయన దాన్ని దబదబా బాదుతాడు.

"జయకుమారూ, నీ మిషను గుయ్యిమంటుండాది!"

"అది జిరాక్సు మిషను భాయ్. అట్టా అనకపోతే పని చెయ్యదు."

"అయితే కొనేటప్పుడే ఆలోచించుకోవాల."

సొంత కూతురు షాహనా నిఖా రోజున కూడా అంతే. ఖాజీ గారు మైకు ముందు గొంతు సవరించుకున్నారో లేదో, ఈయన లేచి "ఒక్క నిమిషం సాబ్" అని ఆంప్లిఫయరు విప్పి కూర్చున్నాడు. పెళ్ళికొడుకు పూల ముసుగు లోపల చెమటలు కక్కుతున్నాడు. ఆయన భార్య సుల్తాన్‌బీ ఆడవాళ్ళ వైపు నుంచి అరిచింది: "అల్లుడు అలిగి లేచిపోతే ఆ గుయ్యికే ఇచ్చి చేస్తావా పిల్లని?"

మొన్న వానలు పట్టకముందు పేరమ్మ రేడియో వచ్చింది.

పేరమ్మ సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చి మా బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. మనవడు వినోద్ బీచి దగ్గర కొత్త రిసార్టులో కారు తోలుతాడు. అవ్వను వెంటబెట్టుకుని వచ్చి, పాత చీరలో చుట్టిన ఆ రేడియోను బల్ల మీద పెట్టాడు.

"మా తాతది వలీ మామా. మా మేనేజరు చూసి ముచ్చటపడినాడు. రిసెప్షన్‌లో పెడతాడంట. పాడేదైతేనే కావాలన్నాడు. నేను సరే సార్ అనేసినా."

పేరమ్మ కొంగుతో డబ్బా మీది ఉప్పుపొర తుడుస్తోంది. ఆవిడ మొగుడు వెంకయ్య బతికున్న రోజుల్లో ఆ డబ్బాలో గాలివాన కబురు వినకుండా పడవ దించేవాడు కాదు. అదంతా ఆవిడ ఎత్తలేదు. "పాడేటట్టు చేసినాక నాకొకసారి వినిపించు అబ్బయా. ఆ తరవాత వాళ్ళకిద్దువు" అంది.

"ఇయ్యడం నీకు ఇష్టమేనా అక్కా?"

వినోద్ బయట ఫోను మాట్లాడుతున్నాడు. ఆవిడ అటు చూసి గొంతు తగ్గించింది. "బిడ్డ మాటిచ్చేసినాడు. నేను కాదంటే వాడికి ఆడ మొహం చెల్లుద్దా?"

దరియావలి డబ్బా విప్పాడు. లోపల ఉప్పు, బల్లి గుడ్లు, గుయ్యి పుట్టించే ఉబ్బిపోయిన ఒక కండెన్సరు. శుభ్రం చేసి, కొత్త కండెన్సరు అతికాడు. రెండు రోజుల్లో ఆ రేడియో ఎంత తేటగా పాడిందంటే నేను జిరాక్సు ఆపి వచ్చి నిలబడ్డాను.

వినోద్ వచ్చాడు.

"ఇంకా గుయ్యి ఉండాది" అన్నాడు దరియావలి.

వినోద్ చెవి పెట్టి చూశాడు. "నాకేం వినపళ్ళేదు మామా!"

"సముద్రం పక్కన పుట్టినోడివి. నీ చెవులు గుయ్యిలోనే పెరిగినాయి. వచ్చే వారం రా."

వారాలు గడిచాయి. పేరమ్మ మాత్రం గంప ఖాళీ అయ్యాక సాయంత్రాలు వచ్చి, స్టూలు మీద కూర్చుని, వాతావరణ వార్తలు పూర్తిగా విని లేచేది.

"బాగయిందా అబ్బయా?"

"లేదక్కా."

"మంచిది" అని గంప ఎత్తుకునేది.

నేను ఉండబట్టలేక, "ఆ పిల్లోడు మేనేజరు చేత తిట్లు తింటుండాడు భాయ్. ఇచ్చెయ్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

చివరికి, ముందు రోజే కబురు పెట్టి, ఒక సాయంత్రం మేనేజరు ప్రవీణ్ తనే వచ్చాడు. వెనక వినోద్. పేరమ్మ అప్పుడే వచ్చి కూర్చుని ఉంది.

"ఆ గుయ్యేందో నేనే వింటా. వినపడకపోతే ఇప్పుడే కార్లో పెట్టుకుని పోతా" అన్నాడు ప్రవీణ్.

పేరమ్మ గంపను ఒళ్ళోకి లాక్కుంది.

దరియావలి బటన్ తిప్పాడు. వాల్వులు ఎర్రబడ్డాయి. అర నిమిషం గడిచింది. అప్పుడు లేచింది గుయ్యి! కోట చుట్టూ ఉన్న రొయ్యల గుంటల మోటార్లన్నీ ఆ డబ్బాలోకి దూరినట్టు. రేకు గోడ అదిరింది. టీ గ్లాసు బల్ల మీద తనంతట తనే జరిగింది.

ప్రవీణ్ చెవులు మూసుకున్నాడు. "ఆపండి, ఆపండి! ఇది పెడితే రిసార్టులో ఒక్కరు ఉండరు. వద్దు వినోద్, ఆ మూల పూలకుండీ పెట్టుకుందాం."

ఇద్దరూ బయటికి నడిచి, ఎదురుగా టీ కొట్టు దగ్గర ఆగారు.

"ఇన్నాళ్ళూ నీకు పిచ్చి అనుకున్నా భాయ్. నిజంగానే గుయ్యి ఉండాదే!" అన్నాను.

దరియావలి ప్లగ్గు పీకి, రేడియోను వెనక్కి తిప్పి, ఉబ్బిపోయిన పాత కండెన్సరును లోపలి నుంచి ఊడదీశాడు. చొక్కా జేబులోంచి కొత్తది తీసి దాని చోట అతికాడు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. గుయ్యిని తరమడమే బతుకుగా పెట్టుకున్న మనిషి ఆ పొద్దున తన చేత్తోనే దాన్ని పిలిచి లోపల కూర్చోబెట్టాడు.

"చెవుల్లో దూది పెట్టుకుని అతికినా జయకుమారూ" అన్నాడు.

మళ్ళీ బటన్ తిప్పాడు. సముద్రం ప్రశాంతంగా ఉంటుందని ఒక గొంతు తేటగా చెప్పింది. ఆయన చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"గుయ్యి లేదు. తీసకపో అక్కా."

ఆ కొట్టులో ఆ మాట నేను వినడం అదే మొదలు.

పేరమ్మ పాత చీర దులిపింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వినోద్! కారు తాళాలు బల్ల మీదే మరిచిపోయాడట. వాడు రేడియో విన్నాడు. బల్ల మీది పాత కండెన్సరును, అవ్వ చేతిలోని చీరను చూశాడు. ఎవరమూ కదల్లేదు. బయట ప్రవీణ్ "ఏమైంది వినోద్?" అని కేకేశాడు.

వినోద్ మెల్లగా వచ్చి, తల వాల్చి, కుడి చెవి డబ్బాకు ఆనించాడు.

"ఇంకా గుయ్యి ఉండాది మామా" అన్నాడు. "ఇది రిసార్టుకు పనికిరాదు. మా అవ్వ దగ్గరే ఉండాల."

పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దరియావలి మాత్రం ఎగిరి నిలబడ్డాడు.

"ఏయ్ అబ్బీ! యాడుండాది గుయ్యి? చూపించు! నేను చేసిన రేడియోలో గుయ్యంటావా?"

పేరమ్మ ఖాళీ గంపతో ఆయన్ని స్టూలు మీదికి తోసింది.

"నువ్వు కూచో అబ్బయా!"