నిర్మల రాకెట్టు

మాచర్లలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడిలో ఎలిజబెత్ టీచరు పద్దెనిమిదేళ్ళుగా సైన్సు చెబుతోంది. ఆ బడికి ల్యాబ్ అంటూ లేదు. ఉన్నదల్లా ఒక చెక్క బీరువా, అందులో ఆమె సొంత చేతులతో చేసిన సరంజామా. కిరసనాయిలు డబ్బా రేకుతో ఆవిరికి తిరిగే చక్రం, మందు సీసాలతో గాలి బరువు కొలిచే పరికరం, సైకిల్ ట్యూబు ముక్కలతో నీటి పంపు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా బీరువా తెరిపించి, "ఎవరు చేశారమ్మా ఇవి?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. ఆయన తలూపేవాడు. అంతే.

తండ్రి పేతురు రాజుపాలెం చర్చిలో ఉపదేశిగా పనిచేసి పోయాడు. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే ఎలిజబెత్, "నాకు బడుందిగా" అనేసి పనిలో పడేది.

1964 జూన్‌లో నిర్మల వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, గుంటూరులో బి.ఎస్సీ. చదివింది. పై తరగతుల సైన్సు ఆమెకిచ్చి, ఎలిజబెత్‌ను కింది తరగతులకు మార్చారు. "డిగ్రీ ఉన్నమ్మాయి కదా, మీరేమీ అనుకోవద్దు" అంది హెడ్‌మిస్ట్రెస్ దేవమ్మ. ఎలిజబెత్ అనుకోలేదన్నట్టే తలూపింది. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

అది చాలదన్నట్టు ఒక పెట్టె వచ్చింది. మిషన్ దొరసాని తమ్ముడు అమెరికా నుంచి ఓడలో వస్తూ బడికని ఒక రాకెట్టు సామాను తెచ్చాడు. అట్ట గొట్టం, జీలుగు బెండంత తేలికైన కర్ర రేకులు, వేలెడంత పేలుడు మందు గుళికలు మూడు. విడి ముక్కలన్నీ అతికించి మనమే కట్టుకోవాలి. రాకెట్టుకు రెండు పక్కలా రెండు చిన్న గ్లైడర్లు, ఇంజను లేని బొమ్మ విమానాలు, తగిలించుకుని పైకి పోతుంది. పైన మందు అయిపోగానే అవి విడిపోయి గాలిలో తేలుతూ దిగాలి. దొరసాని ఆ పెట్టెను నిర్మల చేతిలో పెట్టింది. బీరువా నిండా అన్ని వస్తువులు చేసినదాన్ని నేనుండగా, అనుకుంది ఎలిజబెత్. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

నిర్మల నెల రోజులు దాంతో కుస్తీ పట్టింది. ఒకరోజు స్టాఫ్ రూములో, "అక్కా, కాగితంలో రాసింది అర్థమవుతానే ఉంది గానీ నా చేతులు ఆడటంలా. కాస్త చూడవా?" అని అడిగింది.

"నాకేం తెలుసమ్మా. నేను బి.ఎస్సీ. చదవలా" అంది ఎలిజబెత్.

నిర్మల ముఖం చిన్నబుచ్చుకుని క్లాసుకు పోయింది. ఆమె అటు వెళ్ళగానే ఎలిజబెత్ బల్ల మీద వదిలిన పెట్టెలోంచి కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. అడుగున సన్నని అక్షరాల్లో ఒక మాట ఉంది. గ్లైడరును రెక్క కింది గుర్తు దగ్గర వేలి మీద నిలిపి చూడాలి, ముక్కు కాస్త కిందికి వాలాలి, వాలకపోతే ముక్కుకు మట్టి అంటించాలి. నిర్మల అప్పటికే అతికించి పెట్టిన గ్లైడర్లలో ఒకదాన్ని ఎలిజబెత్ వేలి మీద నిలిపింది. తోక కిందికి వాలింది. రెండోదీ అంతే. రెండింటినీ ఎక్కడివక్కడ పెట్టి, కాగితం మడిచి, ఏమీ ఎరగనట్టు కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది.

ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవం. పిల్లల తల్లిదండ్రులంతా మైదానంలో చేరారు. మిషన్ డ్రైవరు కోటయ్య మందు అంటించడానికి జీపు బ్యాటరీ నుంచి తీగలు లాగి ఇచ్చాడు. నిర్మల మీట నొక్కగానే రాకెట్టు బుస్సుమని చర్చి గోపురం దాటి పోయింది. అందరూ తలలెత్తారు. పైన గ్లైడర్లు విడిపోయాయి, విడిపోయి పిల్లిమొగ్గలు వేసుకుంటూ వచ్చి నాపరాళ్ళ మీద పడ్డాయి. ఒకదాని తోక విరిగింది.

"ఓస్, ఇంతేనా" అన్నారెవరో వెనక నుంచి. జనం నవ్వారు.

ఎలిజబెత్‌కు కడుపు చల్లబడినట్టయింది. నిర్మల ఏడుస్తుందని చూసింది. ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు ముందు సీసాల పరికరం పనిచేయనప్పుడు తను బావి వెనక్కి పోయి ఎంత ఏడ్చిందో ఆమెకు గుర్తే. నిర్మల ఏడవలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుకుంటూ, "తప్పు నాదే. మళ్ళీ చేద్దాం" అని పిల్లలతో అంది. ఆ నిబ్బరం చూసి ఎలిజబెత్‌కు మళ్ళీ మండింది. అది కూడా ఈ పిల్లకే ఇచ్చాడా దేవుడు అనుకుంది.

మూడు రోజులు ఎలాగో గడిపింది. నాలుగో రోజు నిర్మల గదికి పోయి, "ఏదీ, ఆ రెక్కలు ఇటు తే" అంది. విరిగిన తోకను తుమ్మబంకతో అతికించింది. ముక్కులకు కొవ్వొత్తి మైనం చిటికెడు చిటికెడుగా అద్దుతూ, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరికి విసిరి చూసింది. ఇరవైసార్లు విసిరిందో ముప్పైసార్లు విసిరిందో. చివరికి రెండూ నేలకు ఆనీ ఆననట్టు జారుకుంటూ పోయి ఆగాయి. ఆ కాసేపు ఆమెకు నిర్మల పక్కనున్న సంగతే గుర్తులేదు.

శనివారం రెండో గుళిక పెట్టారు. గ్లైడర్లు విడిపోయి, ఒకటి ఇటు ఒకటి అటు పెద్ద చుట్లు తిరుగుతూ, తొందరేమీ లేనట్టు దిగాయి. పిల్లలు వాటి వెంట పరుగెత్తారు. దేవమ్మ నిర్మల వీపు తట్టింది. "నేను కాదండీ, ఎలిజబెత్తక్క సరిచేసింది" అంది నిర్మల అందరికీ వినపడేలా. చప్పట్లు ఎలిజబెత్ వైపు తిరిగాయి. పద్దెనిమిదేళ్ళుగా కోరుకున్నది అదే. కానీ తనైతే ఇంకొకరి పేరు అలా చెప్పేదా? చెప్పేది కాదు. ఆ సంగతి తెలిసి, చప్పట్ల మధ్య నిలబడటం ఆమెకు కష్టమైంది.

సాయంత్రం నిర్మలను ఆపి చెప్పింది. "ఆ ముక్కుల బరువు సంగతి నాకు ముందే తెలుసు. కాగితంలో చదివా. కావాలనే చెప్పలా."

నిర్మల చేతిలోని పుస్తకాలు గట్టు మీద పెట్టింది. "ఎందుకక్కా?"

"ఓర్వలేక."

"చెప్పుంటే బాగుండేది" అని నిర్మల వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పిలుపు మారింది. "ఎలిజబెత్ గారూ, సుద్దముక్కలున్నాయా?" "ఎలిజబెత్ గారూ, బెల్లు కొట్టారా?" పోట్లాట లేదు, మర్యాదకు లోటు లేదు. ఎలిజబెత్ ఏడాదిన్నర ఆ 'గారూ' భరించింది. నిర్మల పాఠం చెబుతుంటే పిల్లలు నవ్విన నవ్వు గోడ దాటి వినపడ్డప్పుడల్లా ఆమెకు ఇంకా కలుక్కుమనేది. అది పోయిందని ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు.

1966లో నిర్మలకు ఒంగోలు బదిలీ అయింది. పోతూ రాకెట్టు పెట్టె బడికే వదిలింది. పై తరగతుల సైన్సు మళ్ళీ ఎలిజబెత్ చేతికొచ్చింది. ఆ చలికాలం ఆమె మిగిలిన ఆఖరి గుళిక పెట్టి తనే మీట నొక్కింది. ఒక గ్లైడరు మైదానంలోనే దిగింది. రెండోది గాలివాటుకు రైలు పట్టాల వైపు పోయింది. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, ఆమె పొద్దుగూకేదాకా కంపచెట్ల మధ్య దానికోసం వెతికింది. దొరకలేదు.